మొగం ముందర చదివే బోర్డు

కర్ణాటకలోని మా చింతామణిలో బోర్డులు రాసే ఆంజనేయప్పకి ఒక పిచ్చి ఉండాది. ఎవురి గురించి రాస్తాండాడో వాళ్ళొచ్చి ఎదురుగా నిలబడల్ల. సుద్దముక్కతో గీసిన అక్షరాలు ఆయన గట్టిగా చదువుతాడు, వాళ్ళు తలకాయ ఊపల్ల. అప్పుడే బ్రష్షు పెయింటులో ముంచేది. ముప్పై ఏండ్ల కిందట ఎవురి మాటో నమ్మి, బతికున్న మనిషి పేరు ముందర ‘దివంగత’ అని రాసేసినాడు. ఆ మనిషి సైకిల్లో వచ్చి తన బోర్డు తానే చదువుకున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. మంచినీళ్ళడిగి తాగి పోయినాడంట. కొట్టింటే బాగుండు అంటాడు ఆంజనేయప్ప ఇప్పటికీ.

ఫ్లెక్సులొచ్చి సగం పని పోయింది. ఈ చదివే తంతుకి జడిసి మిగతా సగం పోతాండాది. నేనొకసారి మా చిన్నాయన గేటుకి ‘కుక్క కరవదు, యజమాని కరుస్తాడు’ అని రాయమంటే, చిన్నాయన్ని పిల్చుకోనిరాపో అన్నాడు. ఇంగేం చేస్తాను, తిరిగొచ్చినాను.

పోయిన నెల వీధి సంఘం ప్రెసిడెంటు నరసింహప్ప వచ్చి, మూలమీద గోడకి నోటీసు రాయమన్నాడు. పర్మిషన్ లేకుండా దేశం సరిహద్దు దాటొచ్చినోళ్ళకి ఇండ్లు బాడిగకియ్యగూడదని. వాళ్ళని ఏమని రాయల్ల అనే కాడ తగాదా పడింది. నరసింహప్పకి కన్నడంలో ‘నుసుళుకోరరు’, కింద తెలుగులో ‘చొరబాటుదార్లు’ అని కావల్ల. జెరాక్స్ అంగడి నందీశ్ ఒప్పుకోలేదు. అది కత్తి పట్టుకోనొచ్చేవోళ్ళని అనే మాటంట, ‘కాగితాలు లేనోళ్ళు’ అంటే చాలంట. చేసిన పని తప్పయితే కావచ్చు, మనిషే తప్పెట్లవుతాడు అన్నాడు. దొంగదోవన వచ్చింది నిజమే కదా, ఉన్నది ఉన్నట్లు అనకపోతే ఇంగ చట్టం ఎందుకు అన్నాడు నరసింహప్ప. అదీ కొట్టేసే మాట కాదు. మూడు దినాలు టీ అంగట్లో ఇదే రచ్చ.

ఆంజనేయప్ప మాత్రం టీ తాగి లేసిపోయేటోడు. ఆయన ఇంటెనక రేకుల రూములో, టమోటా మండీలో కాయలేరే మొగుడూ పెండ్లాం ఉంటాండారు. పెండ్లాం చిన్నపిల్లే. ఆ పిల్ల చంటిబిడ్డప్పుడు అమ్మ ఒళ్ళో పడవలో సరిహద్దు ఏరు దాటొచ్చిందంట. ఏ కార్డూ లేదు. దాచకుండా ఆయనతోనే చెప్పింది. నోటీసు పడితే మొదట ఖాళీ చేయాల్సింది ఆ రూమే.

నాలుగో దినం గోడకి సున్నం కొట్టి, గీతలు గీసి, ఆ ఒక్క మాట కాడ జాగా వదిలిపెట్టి, నరసింహప్పని ఇంటికి పిల్చినాడు. ఆ పిల్లనీ బయటికి రమ్మన్నాడు.

“రాసేది ఈమె గురించే కదప్పా. మాట నీది, నువ్వే చదువు. ఈమె తలకాయ ఊపితే ఇప్పుడే రాసేస్తా.”

ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు. కొంగుతో స్టూలు తుడిచి, “కూచో అన్నా” అనింది.

నరసింహప్ప కూచున్నాడు. నోరు తెరిచినాడు, మీసం తుడుచుకున్నాడు, ఆ పిల్ల చేతులకంటిన టమోటా మరకలు చూసినాడు.

“కొంచెం నీళ్ళిస్తావామ్మా?”

తాగి, చెంబు కింద పెట్టి, ఎవురి మొగమూ చూడకుండా పోయినాడు. ఆంజనేయప్ప ఆ చెంబు దిక్కే చూస్తా నిలబడినాడు.

మరుసటి దినమే ఫ్లెక్సు కట్టినారు. కంప్యూటరుకి ఎవురూ తలకాయ ఊపే పని లేదు కదా, ‘నుసుళుకోరరు’ ఇంత లావు అక్షరాల్లో వచ్చింది. నందీశ్ దాని కింద పోయినప్పుడంతా గొణుక్కుంటాడు. రూము ఖాళీ చేయించమని సంఘం నుంచి కబురు మీద కబురు. ఆంజనేయప్ప జవాబు ఒకటే: “వచ్చి ఆమె మొగం ముందర చదవమను.”

పద్దెనిమిది దినాలాయ. ఇంతవరకు ఎవురూ రాలేదు. పోలీసులకి రాసిచ్చినారని ఒకరు, ల్యా, ఇయ్యలేదని ఇంకొకరు. సందులో బైకు ఆగితే చాలు, ఆ పిల్ల చేతిలో పొరక ఆగుతాది, ఈయన చేతిలో బ్రష్షు ఆగుతాది. బైకు పోయినాక గూడా కొంచేపు ఇద్దరూ కదలరు.