వరసకొక ఈగపిట్ట

మొక్కల నర్సరీలో అందరూ ఆమెను నీళ్లక్క అంటారు. ఐదో తరగతిలో చదువు ఆగింది. ఆ తర్వాత చేతికొచ్చింది నీళ్ల పైపే. అందుకే, ఏటా తోటల్లో పిట్టల్ని లెక్కపెట్టించే పిట్టల మాస్టారు నోటుబుక్కు ఇచ్చి, "ఈ చలికాలం ఇక్కడి ఈగపిట్టల లెక్క వారం వారం నువ్వే రాయమ్మా, బాగా రాస్తే పక్క తోట లెక్క కూడా నీకే" అన్నప్పుడు రెండు చేతులా అందుకుంది.

ఆయన చూపించిన ఈగపిట్ట పిచ్చుక కన్నా చిన్నది, మట్టిరంగుది. కూర్చున్నచోటి నుంచి ఎగిరి గాల్లో పురుగును పట్టుకుంటుంది. వాలగానే టక్కున తోక ఎత్తుతుంది. నల్లటి తోక మొదట్లో రెండువైపులా తెలుపు కనిపిస్తే అదే.

నీళ్లు పడుతూనే నీళ్లక్క లెక్క పెట్టేది, మొక్కల్ని లెక్కపెట్టినట్టు వరసల వారీగా. ఉన్న నాలుగు వరసల్లో వరసకొకటి కనిపించింది. మొదటి మూడు వారాలూ 'నాలుగు' అని గుండ్రంగా రాసింది.

నాలుగో వారం మొదటి వరస గుంజ మీది పిట్టకు ఎడమవైపు తెలుపు లేదు. ఈక ఊడినట్టుంది. రెండో వరసలోని పిట్టకూ ఎడమవైపు లేదు. మూడో వరసలోనూ అదే తోక కనిపించేసరికి ఆమె చేతిలో పైపు పక్కకు ఒరిగింది. నీళ్లు పడగానే ఆకుల కింది నుంచి పురుగులు లేస్తాయి. వాటి కోసం ఒకే పిట్ట ఆమె వెంట తిరుగుతోంది.

"ఏంటే, కుండీలోకే పోస్తున్నావా, నీ కాళ్ల మీదకా?" అన్నాడు మొక్కలకు అంట్లు కట్టే తాత.

"నాలుగు కాదు తాతా. ఒక్కటే."

"అయితే ఏం? పిట్టలొచ్చి పేచీ పెడతాయా? నోర్మూసుకో. పుస్తకం లాగేసుకుంటాడు మీ మాస్టారు."

"నా భయం కూడా అదే."

సాయంత్రం మాస్టారు వచ్చేదాకా ఆ మాటే నమిలింది. ఆయన పేజీ తిప్పుతుంటే చెప్పేసింది. "ఈ వారం ఒక్కటేనండీ. ముందు వారాలూ అంతే అయ్యుంటుంది. గట్టిగా చెప్పలేను."

ఆయన కళ్లజోడు తీశారు. "పైపు కట్టేస్తే ఎటు పోతుందది?"

"తెలీదండీ. ఎప్పుడూ ఆపి చూళ్లేదు."

"వచ్చే వారం నీళ్లు పట్టకముందే చూడు."

మూడు 'నాలుగు'ల పక్కనా 'సందేహం' అని రాసి, నోటుబుక్కు ఆమె చేతిలో పెట్టారు. పక్క తోట మాట ఆయన ఎత్తలేదు. ఆమె అడగనూ లేదు.