మబ్రూక్ చాచా ఇంటి గహ్వా

ఒమాన్‌లోని బర్కాలో నేను పనిచేసే ఖర్జూరం తోట పక్క గుడిసె మబ్రూక్ చాచాది. ఆయన పుట్టుకతోనే బానిస, మా తోట యజమాని అర్బాబు వాళ్ళ ఇంటి బానిస. 1970లో బానిసత్వం రద్దయ్యేదాకా కూలీ లేదు, పోయే దారీ లేదు. రద్దయ్యాక కూడా ప్రతి పండక్కీ పోయి అర్బాబు చెయ్యి ముద్దాడి వచ్చేవాడు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

"వంగిన నడుము ఒక్కరోజులో లేస్తుందా ఇస్తారీ?" అనేవాడు చాచా నాతో.

ఆయన ఇంట్లో గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, చాలనుకుంటే చిన్న కప్పును అటూ ఇటూ ఊపాలి. ఊపకుంటే పోస్తూనే ఉంటారు. మొదటిసారి నాకది తెలియదు. మా కరీంనగర్ వైపు వద్దంటే ఇంటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని పదకొండు కప్పులు తాగాను. చాచా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.

1991లో నా అగ్రిమెంటు అయిపోయింది. పాస్‌పోర్టు మాత్రం అర్బాబు బీరువాలోనే ఉంది. "ఇంటికి కాదు, నిజ్వా అవతల మా బావమరిది తోటకు పోతావు. రేపే బండి," అన్నాడు. మాతో పనిచేస్తుండగా ఆ తోటకు పంపిన చెన్నయ్య నుంచి నాలుగేళ్ళుగా ఉత్తరం ముక్క లేదు. తెల్లారగానే చాచా గుడిసెలో దూరాను.

ఆయన ఏమీ అడగకుండా గహ్వా పోశాడు. "ఊపకు," అన్నాడు.

పికప్ వచ్చి ఆగింది. అర్బాబు గుమ్మంలో నిలబడి, "వాణ్ణి బయటికి పంపు," అన్నాడు.

"ఇంకా తాగుతున్నాడు. తాగే అతిథిని లేపమని మీ నాయన కూడా నన్ను అడగలేదు."

నాలుగు కప్పులయ్యాయి, అయిదయ్యాయి. నా చెయ్యి వణుకుతోంది. ఆ వణుక్కే కప్పు ఊగుతుందేమోనని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. చివరికి అర్బాబు లోపలికొచ్చి కూర్చున్నాడు. చాచా ముందు నాకు పోసి, తర్వాతే ఆయనకు పోశాడు. అర్బాబు ముఖం మాడిపోయింది.

"పాస్‌పోర్టు ఇచ్చెయ్," అన్నాడు చాచా.

"మా తిండి తిని నాకే చెప్తావా?"

"తిన్నాను. చాకిరీ కూడా చేశాను. ఇవ్వకుంటే పండక్కి నీ గుమ్మం తొక్కను. ఎందుకని ఊరడిగితే చెప్తాను."

అర్బాబు డ్రైవర్‌ను పంపి పాస్‌పోర్టు తెప్పించాడు. చాచాకు చదువు రాదు. అందులోని ఫోటోనూ నా ముఖాన్నీ మార్చి మార్చి చూసి నా చేతిలో పెట్టాడు.

నేను కప్పు ఊపబోతే మణికట్టు పట్టుకున్నాడు. "ఇప్పుడే కాదు. కప్పు తీసుకుపో. సీబ్‌లో ఎయిర్‌పోర్టుకు పోయి విమానమెక్కాక ఊపు."

నేను ఏడ్చేశాను.

ఊరికొచ్చాక తోటలో పనిచేసే యాకూబ్ ఉత్తరం రాశాడు. పాస్‌పోర్టు ఇచ్చినా సరే, ఆ పండక్కి చాచా అర్బాబు ఇంటికి పోలేదట.