కోటికి ఏడు తక్కువ

ఖతార్‌లోని మెసయీద్‌లో కంపెనీ ఇళ్ళల్లో మేం ఏడు తెలుగు కుటుంబాలం. అంటే, మేం ఏడని లెక్కపెట్టుకునేవాళ్ళం. మా పక్కింట్లో ఫోర్‌మన్ గారి భార్య ఉండేది, జగిత్యాల వైపు మనిషి. ఆవిడది అసలు తెలుగే కాదని మావాళ్ళు తేల్చేశారు కాబట్టి లెక్కలోకి రాలేదు. నాకా ఊళ్ళో ఉన్న ఒక్క స్నేహితురాలు ఆవిడే. ఎలాగైనా ఆవిణ్ణి మావాళ్ళ మధ్య కూర్చోబెట్టాలని నా పంతం.

తొంభైల మొదట్లో మేనేజరు గారి భార్యకు అందరం కలిసి రామకోటి రాద్దామని బుద్ధి పుట్టింది. మనిషికెన్ని నామాలో తేల్చమని నన్ను పురమాయించింది. ఎమ్మెస్సీ లెక్కలు చదివి పప్పుకి ఎసరు కొలుచుకుంటున్న నాకు ప్రాణం లేచొచ్చింది.

కోటిని ఏడుతో భాగిస్తే మూడు మిగులుతుంది. ఆ మూడు నామాల పుణ్యం ఎవరిదని రెండు శుక్రవారాలు వాదించుకున్నాం. తలా ఒకటి ఎక్కువ రాద్దామంటే, రెండో కోటి మొదలుపెట్టి వదిలేసినట్టవుతుందని ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కోటిని ఎంత విడగొట్టినా ఏడు రెండ్లు, ఏడు అయిదులు తప్ప ఇంకేం దొరకవని నేను విడమరిచి చెప్పాను.

“ఏడుందని నువ్వే అంటున్నావుగా, మరి ఏడుతో ఎందుకు పోదూ?” అని మేనేజరు గారి భార్య గద్దించింది.

అయిదుగురైతే సరిపోతుందని మాత్రం ఆవిడ ఇట్టే పట్టేసింది. ఏ ఇద్దర్ని తీసేయాలా అని చుట్టూ చూసింది. ఆ చూపు నా మీద ఆగింది.

“ఎనిమిదితో కూడా పోతుందండీ. తలా పన్నెండున్నర లక్షలు,” అన్నాను.

అలా పక్కింటి మనిషిని లోపలికి పిలవడానికి గణితశాస్త్రం కావలసి వచ్చింది. ఆవిడకు గుమ్మం పక్కన చాప వేశారు. ఆ మాత్రానికే నేను పొంగిపోయాను.

నాలుగేళ్ళు రాశాం. సెలవు మీద వెళ్ళినవాళ్ళు గళ్ళ పుస్తకాలు పెట్టెల్లో మోసుకొచ్చేవారు. ఇంకొద్ది రోజుల్లో అయిపోతుందనగా, ఆఖరి నామం రాసినవాళ్ళకే కోటి రాసిన ఫలమని ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలియదు గానీ అందరం నమ్మాం.

సమాప్తి రోజు చక్కెర పొంగలి వండి, పుస్తకాలన్నీ తెరిచి చూసుకున్నాం. పక్కింటావిడ వాటా నిండుగా ఉంది. మా ఏడుగురి పుస్తకాల్లోనూ చివరి గడి ఖాళీ. మిగతావాళ్ళు ముగించాక రాద్దామని ఎవరికి వాళ్ళమే ఆపుకున్నాం. ముందు మీరు రాయండంటే మీరు రాయండనుకుంటూ కూర్చున్నాం. పొంగలి చల్లారిపోయింది.

గుమ్మం దగ్గర్నుంచి ఆవిడ లేచి వచ్చింది.

“ఇటియ్యండ్రి అక్కా, ఆ ఏడు నేను రాస్త. పుణ్యం ఎవ్వరికైతేంది, కోటి అయితే సాలు,” అంది.

ఏడుగురం ఒక్కసారే పుస్తకాలు ఒళ్ళోకి లాక్కున్నాం. ఆవిడ మిగతా ఆరుగురి వైపు చూడలేదు, నన్నే చూసింది.