సింకులో పారబోసిన నీళ్లు

ఏళ్ల తరబడి ఈ మాటను మింగలేక, కక్కలేక మోస్తున్నాను. ఇవాళ మీకు చెప్పేస్తాను. నన్ను ఓదార్చకండి. ఓదారిస్తే ఒళ్లు మండుతుంది.

శంషాబాద్ దగ్గర ఒక చిన్న ల్యాబ్‌లో పని నాది. పాలిమర్‌లో స్టార్చ్ కలిపి, కరెంటు పెట్టి లాగితే వెంట్రుక కంటే ఎంతో సన్నని దారాలొస్తాయి. అవి రేకు మీద పేరుకుంటే తెల్లటి పలుచటి గుడ్డ. పాలు పడనివాళ్ల కోసం, పాలలోని చక్కెరను విడగొట్టే ఎంజైమ్‌ను ఆ గుడ్డకు అంటిస్తాం. అది ఊడకపోతే అదే గుడ్డను మళ్లీ మళ్లీ వాడొచ్చు. మా పనంతా ఆ ఊడకపోవడం మీదే.

అంటించాక గుడ్డను బాగా కడగాలి. కడిగిన నీళ్లను పరీక్షించాలి. ఆ నీళ్లలో ఎంజైమ్ కనబడితే అది అంటుకోలేదన్నమాట, ఊరికే పైన కూర్చుంది. నా నీళ్లలో కనబడింది. ప్రతిసారీ. ఎన్ని తంటాలు పడ్డా అంతే. విసుగొచ్చి, ఏడుపొచ్చి, మా ల్యాబ్ నడిపే సారు చూడ్డానికొస్తానన్న రోజు ఆ నీళ్లు సింకులో పారబోసి, ఇంకో గుడ్డను కడగకుండానే పాలలో వేసి చూపించాను. ఊరికే పైనున్న ఎంజైమ్ కూడా మొదట్లో బాగానే పనిచేస్తుంది కదా, చేసింది. సారు తెగ మెచ్చుకున్నాడు. మర్నాడు నిజం చెబుదామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఏమో, ఇలా రాసుకుంటే బాగుంటుందని ఇప్పుడు అనుకుంటున్నానేమో.

తర్వాత అలాంటి గుడ్డనే పెద్ద సైజులో తయారుచేయమని స్వప్నకు అప్పగించారు. మా కొత్త జూనియర్, తుక్కుగూడ వైపు రైతుల ఇంటి పిల్ల. ఆమె ఉద్యోగం నిలవాలంటే ఈ పని కావాలి. ఆమె శుభ్రంగా కడిగింది. ఎంజైమంతా పోయింది. ఆమె నా దగ్గరకొచ్చింది.

"అక్కా, కడిగితే మొత్తం నీళ్లల్లకే పోతున్నది. నీకు గిట్ల కాలేదా?"

"నాకు కాలే. నువ్వే ఏడనో తప్పు చేస్తున్నవ్. మళ్ల చెయ్."

"ఇగ ఎన్నిసార్లు చెయ్యాలక్కా?"

"వచ్చేదాక."

ఛీ, ఎంత తేలిగ్గా అన్నాను! వానాకాలం తేమకు దారాలు పాడవుతున్నాయేమోనని ఆమె తలుపులు బిగించుకుని, చెమటలు కక్కుకుంటూ మళ్లీ మళ్లీ చేసింది. నేను పక్క బల్ల దగ్గర కూర్చుని చూశాను. ఒక్క మాట చెబితే చాలు, ఆమెకు ఆ పాట్లు తప్పేవి. చివరికి సారు ఆమెను పంపించేశాడు. నాకు పెద్ద పోస్టు ఇచ్చాడు. నేను తీసుకున్నాను.

ఆమధ్య ఆరాంఘర్‌లో బస్సు కోసం నిలబడితే స్వప్న కనిపించింది. ఎయిర్‌పోర్టులో ఏదో కౌంటర్‌లో పనట. నవ్వుతూ పలకరించింది.

"మా చెల్లె ఎమ్మెస్సీ చదువుత అన్నదక్కా. నేనే వద్దన్న. మా చేతులకు ఆ పని రాదు."

నేనేం చేశాను? బస్సొచ్చిందని ఎక్కేశాను. అది నా బస్సు కూడా కాదు.

స్వప్న చేతులకు పని వచ్చు. కడగవలసింది కడిగాయి, ఉన్నది ఉన్నట్టు చూపించాయి. చేతగానిది నాకే. ఈ మాట ఆమె ముందు అనే ధైర్యం ఇప్పటికీ లేదు, మీ ముందు అన్నాను. కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ చెల్లెకు మాత్రం ఇది ఇంకా ఎవరూ చెప్పలేదు.