లెంపి పాతిన కొమ్మలు

లెంపి గెలిచిన మూడు కప్పులూ వంటింటి అలమరలో ఉండేవి. ఒకదాంట్లో గరిటెలు పెట్టుకునేది. మంచు మీద జారుతూ పోయే పది కిలోమీటర్ల స్కీ పందెంలో వరుసగా మూడేళ్ళు ఫిన్లాండ్ మొత్తానికీ మొదట వచ్చిన మనిషి, మిగతా రోజుల్లో ఊళ్ళో ఉత్తరాలు పంచేది. కప్పుల సంగతి ఎవరైనా ఎత్తితే విసుక్కునేది. ఆమె గర్వమంతా కొమ్మల్లో ఉండేది.

ఏటా హౌకి సరస్సు గడ్డకట్టగానే ముందుగా దాటేది లెంపే. ఇనుప మొన ఉన్న కర్రతో మంచును కొట్టి, చప్పుడు విని, గట్టిగా మోగినచోటల్లా ఒక స్ప్రూస్ చెట్టు కొమ్మ గుర్తుగా పాతుకుంటూ పోయేది. ఆ వరుస వెంటే అవతలి ఒడ్డున దాచిన ఎండుగడ్డి కోసం గుర్రాలు చక్రాల్లేని జారుడు బళ్ళను లాక్కుంటూ వెళ్ళేవి. ఎవరూ మళ్ళీ పరీక్షించేవారు కాదు. లెంపి కొమ్మను అనుమానించడమంటే ఆ ఊళ్ళో కన్నతల్లిని అనుమానించినట్టే.

ఆ ఏడు ఆమె చెవులు మొరాయించాయి. ముందు గడియారం చప్పుడు పోయింది, తర్వాత పొయ్యిలో కట్టెల చిటపటలు. ఎవరితోనూ అనలేదు. అంటే కొమ్మల మోపు ఇంకొకరి భుజానికి ఎక్కుతుంది మరి. పాడు గర్వం, ఎంతటివాళ్ళనైనా అది బతకనివ్వదు.

డిసెంబరు మొదట్లో ఒక పొద్దున ఎప్పటిలాగే కర్రతో కొట్టుకుంటూ దాటింది. ఏమీ వినపడలేదు. అరచేతికి తగిలిన అదురునే నమ్ముకుని పాతుకుంటూ పోయింది. వాగు వచ్చి కలిసేచోట, పారే నీటికి మంచు పలచబడే ఆ చోట, చెయ్యి కాసేపు ఆగింది. స్కీల మీద తన బరువుకు మంచు ఊగలేదు కదా అనుకుని అక్కడా ఒకటి గుచ్చేసింది.

ఇంటికి చేరేసరికి తమ్ముడు ఓయ్‌వా వచ్చి ఉన్నాడు. ఆమె పందేలు గెలిచిన స్కీలన్నీ చెక్కి ఇచ్చింది అతనే. చిన్నప్పటి నుంచీ పందెంలో ఒక్కసారైనా అక్కను ఓడించాలని కోరిక, ఒక్కసారీ తీరలేదు. బండి కట్టుకుని గడ్డికి బయల్దేరానన్నాడు.

"దారెలా ఉందే అక్కా?"

పెదవులు చూసి గ్రహించింది. వాగు దగ్గర అనుమానంగా ఉందని చెప్పాలి. చెబితే ఎందుకని అడుగుతాడు.

"కొమ్మలున్నాయిగా" అంది.

"ఇంకేం, నీ కొమ్మలుంటే కళ్ళు మూసుకుని పోతా" అని రొట్టెముక్క నములుతూ బయటికి నడిచాడు.

కాఫీ పోసుకుంది, తాగకుండానే పక్కన పెట్టింది. పరువు పోతే పోయిందని లేచి, స్కీలు తగిలించుకుని సరస్సు మీదికి దూసుకుపోయింది. ఏ పందెంలోనూ అంత వేగంగా పోయి ఎరగదు.

"ఆగరా. నాకు చెవులు వినపడవురా. ఆ కొమ్మల్ని నమ్మకు."

ఎదురుగాలి ఆ మాటల్ని ఆమె వెనక్కే విసిరేసింది.

ఓయ్‌వా తిరిగి చూశాడు. అక్క తన మీదికి దూసుకొస్తోంది. పందెం అనుకున్నాడు వెర్రివాడు. టోపీ తీసి ఊపి, గుర్రాన్ని అదిలించాడు. నవ్వుతూ ఏదో అరిచాడు, అదేమిటో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు. గుర్రం వాగు దగ్గరి కొమ్మ వైపు పరుగెత్తింది.

ముందు గుర్రం, తర్వాత బండి, ఆపైన ఇంకా వెనక్కే చూసి నవ్వుతున్న తమ్ముడు, ఒకరి వెంట ఒకరు కిందికి దిగిపోవడం ఆమె చూసింది. మంచు పగిలిన చప్పుడుకు ఊళ్ళోవాళ్ళంతా ఇళ్ళలోంచి బయటికి వచ్చారట. నూరడుగుల దూరంలో ఉన్న లెంపికి మాత్రం అది వినపడలేదు.