మరియమ్మ గారి సున్నా

మీకు నచ్చని జవాబును, అసలు జవాబే కాదని ఎప్పుడైనా కొట్టేశారా? నేను కొట్టేశాను. ఆ తప్పును ఏళ్లుగా మోస్తున్నాను. నొప్పి కూడా లేదు. తిమ్మిరెక్కిన కాలిలా ఉంది.

బియ్యం ఎగుమతులు ఆపితే నష్టం ఎవరి మీద ఎంత పడుతుందో కంప్యూటరులో లెక్కగట్టే పని అప్పుడు నాది. వివరాల కోసం రాజోలు వైపు ఊళ్లు తిరిగాను. కౌలుకు వరి వేసే మరియమ్మ గారు చేను గట్టు మీద కనిపించారు.

"కోశాక ధాన్యం ఎన్ని రోజులు ఉంచుకుంటారమ్మా?"

"ఉంచడమా? ఎక్కడండి, మంచం కిందా? మిషను కోసిన పూటే పచ్చిగా లారీ ఎక్కిపోద్దండి."

"అయితే సున్నా రోజులని రాయనా?"

"ఆయ్. పెద్దగా రాయండి బాబూ, పైవోళ్లకి కనపడాలి."

ఇద్దరం నవ్వుకున్నాం. రాసుకున్నాను. మిగతా కౌలుదార్లూ దాదాపు అదే చెప్పారు.

ఆ సున్నాలతో లెక్క నడిపితే దెబ్బంతా కౌలురైతు మీదే పడింది. నాకు పని ఇచ్చిన కమిటీ ఎగుమతులు ఆపాలనే చూస్తోంది, దానికి అది రుచించదని తెలుసు. ఎవరూ ఒత్తిడి చేయలేదు. నేనే సున్నాలను 'సమాధానం లేదు' అని మార్చి, ఆ గళ్లలో గాదెలున్న భూస్వాములు చెప్పిన రోజుల సగటు నింపాను. ధర పడినా రైతు ధాన్యం నిల్వ ఉంచి, కోలుకున్నాక అమ్ముకోగలడని నివేదికలో రాశాను. హేతువాదినని చెప్పుకుంటూ సభల్లో తాయెత్తులవాణ్ణి రుజువేదని నిలదీసిన మనిషిని నేను! వాడి అబద్ధం చేతికి కట్టుకున్నవాడితో ఆగేది. నాది?

కోతల వేళే ఎగుమతులు ఆపారు, ధర పడిపోయింది. మరుసటి ఏడు వెళ్తే, పచ్చి ధాన్యం కొనేవాడు అడిగిన ధరకే ఇచ్చేసి, మరియమ్మ గారు కౌలు వదిలేశారని, రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తున్నారని ఊళ్లోవాళ్లు చెప్పారు. షెడ్డు దాకా వెళ్లాను. లోపలికి వెళ్లలేదు. తిడతారని భయమా? కాదు. మర్యాదగా కుర్చీ వేస్తారని.

నా కాగితం లేకపోయినా నిర్ణయం అదే అయ్యేదేమో. ఆ 'ఏమో' చాటున ఇన్నాళ్లూ తలెత్తుకు తిరిగాను, వ్యాసాలు రాశాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఇప్పుడు ఇదంతా రాసేశాను. ఏడుపు రావడం లేదు. ఊపిరి కాస్త బాగా ఆడుతోంది, అంతే.

నివేదికను వెనక్కి తీసుకోమని కమిటీకి నేను పంపిన ఉత్తరానికి జవాబు లేదు. దాన్ని ఇప్పటికీ ఆధారంగా చూపిస్తున్నారు. మీ ఎదుట ఎవరైనా చూపిస్తే, రైతుల జవాబులు రాసుకున్న అసలు ఫారాలు బయటపెట్టమని అడగండి. పెట్టేదాకా కదలకండి.