ఆ సినిమాలో సాయంకాలం లేదు

మా అత్తతో కలిసి నేను చూసిన మొదటి ఇంగ్లీషు సినిమా రక్తపిశాచుల ప్రేమకథ. అదీ ఐదో భాగం, ఆఖరిది. ముందు నాలుగూ నేను చూశాను, ఆమె చూడలేదు. చూడలేదన్న చింత కూడా ఆమెకు లేదు. "కడకు ఏమైందో చూస్తే మొదలేమో మనమే చెప్పొచ్చును" అంటూ నాకంటే ముందు లోపలికి నడిచింది.

నిజానికి మేము ఆ సినిమా మీద మోజుతో పోలేదు. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఉండే వీలు లేక పోయాం. ఆండర్సన్‌పేటలో మాది బంగారు గని నడిచిన కాలంలో కూలీలకు వరసగా కట్టిన లైనిల్లు. ఒక గది, దాని వెనక వంటకు ఇంత చోటు, మధ్యలో తలుపు కూడా లేదు. మా ఆయనకు వేమగల్‌లో ఫ్యాక్టరీ పని, ఏడాదిన్నరగా నైట్ షిఫ్టే. పొద్దున తొమ్మిదిన్నరకు బస్సు దిగి వచ్చి పడుకుంటే సాయంత్రం ఐదుకు లేస్తాడు, ఆరుంబావు బస్సుకు మళ్ళీ పోతాడు. ఆ మధ్యలో ఇంట్లో గరిటె చప్పుడు కాకూడదు, కుక్కర్ కూత పెట్టకూడదు, అత్తకు దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకోవాలి. ఇది ఆయన పెట్టిన చట్టం కాదు. రాత్రంతా నిలబడి పనిచేసి వచ్చిన మనిషి కదా అని అత్తా నేనూ పెట్టుకున్నదే.

నేను రాబర్ట్‌సన్‌పేట బజారులో బట్టల కొట్లో పనిచేస్తాను. ఆయన ఇంటికి వచ్చేలోపు నేను పోతాను, నేను వచ్చేలోపు ఆయన పోతాడు. నాకు సెలవు ఆదివారం, ఆయనకు మంగళవారం. ఆదివారం ఆయన లేచాక ఉండే గంటా స్నానానికీ టిఫిన్‌కీ సరిపోతుంది. మంగళవారం రాత్రి ఆయనకు నిద్ర రాదు, నాకు నిద్ర ఆగదు. ఫోన్లు లేవా అంటారేమో. ఆయన ఫోను ఫ్యాక్టరీ గేట్లో ఉంటుంది, నాది కొట్టు సొరుగులో ఉంటుంది. అందుకని మా సంసారమంతా ఫ్రిజ్ తలుపు మీద చీటీల్లో జరిగేది. గ్యాస్ అయిపోయింది. అమ్మకు చుక్కల మందు తెచ్చాను. కరెంటువాడు వచ్చి పోయాడు. ఇంతే.

ఆ వారం వచ్చిన చీటీ మాత్రం కొంచెం పొడుగ్గా ఉంది. 'మా ఫ్యాక్టరీలో ఆడవాళ్ళను కూడా నైట్‌కు తీసుకుంటున్నారు. నువ్వూ చేరితే ఇద్దరం ఒకే బస్సులో పోయి రావచ్చు. ఆలోచించు.' మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది నాకు. ఒక మనిషి గబ్బిలమైంది చాలదని నన్ను కూడా తలకిందులుగా వేలాడమంటున్నాడా అని ఒళ్ళు మండిపోయింది. పోట్లాడదామంటే ఎదుట మనిషి లేడు. చీటీతో ఎవరు పోట్లాడతారు? ఆ ఆదివారం పొద్దున ఆయన పడుకున్నాక, అత్త వీధి కొళాయి దగ్గరున్నప్పుడు, వంట చోట నిలబడి లక్కూరులో ఉన్న మా అన్నకు ఫోన్ చేశాను. బుధవారం వచ్చి నన్ను పుట్టింటికి తీసుకుపొమ్మని గుసగుసగా చెప్పాను. "ఎన్నాళ్ళకి?" అన్నాడు. ఎన్నాళ్ళకో నేను చెప్పలేదు. తిరిగి రావాలన్న ఆలోచన నాకు ఆ రోజు లేదు. ఆ సంగతి కడుపులో పెట్టుకునే అత్తను వెంటబెట్టుకుని మ్యాట్నీకి పోయాను.

సినిమాకు తమిళ మాటలు పెట్టారు. మా ఊళ్ళో తమిళం రానివాళ్ళు లేరు కాబట్టి భాషతో చిక్కు లేదు. చిక్కంతా అత్తతోనే. తెర మీద హీరో కనిపించాడు. పాలిపోయిన ముఖం, కళ్ళ కింద నలుపు, పట్టపగలు తెరలన్నీ దించుకుని నిద్ర. అత్త రెండు నిమిషాలు పరకాయించి చూసి, హాలంతా వినబడేలా అడిగింది.

"ఈయప్పది నైట్ షిఫ్టా?"

ముందు వరసలో కాలేజీ పిల్లలు పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"నైట్ షిఫ్టు కాదత్తా. రక్తపిశాచి. నెత్తురు తాగుతాడు. మూడు నూర్ల ఏండ్ల నుంచి చావు లేకుండా ఉండాడు."

"అదే కదమ్మా నేననేది. మూడు నూర్ల ఏండ్ల నుంచీ నైట్ షిఫ్టే. పాపం, ఎవురూ మార్చనే లేదు."

ఇంక నేను వదిలేశాను. మా మామ బంగారు గనిలో ఇరవై రెండేళ్ళు రాత్రి షిఫ్టులోనే దిగాడు. ఆ లెక్కలోనే ఆమె సినిమా చూసుకుంటూ పోయింది. హీరో గది కిటికీకి నల్ల తెర ఉంటే, "మేము గోనెసంచి కొట్టినాము" అంది. హీరోయిన్ అతని చెయ్యి పట్టుకుని ఉలిక్కిపడితే, "కింద ఉడికిపోయి పైకి వస్తారు కదా, గాలి తగిల్తే ఒళ్ళు ఐసు మాదిరి అయిపోతాది" అంది. నల్ల అంగీలేసుకున్న ముసలి పిశాచులు బల్ల చుట్టూ కూర్చుని తీర్పు చెబుతుంటే, "వీళ్ళు కెప్టెన్లు. షిఫ్టు రాసేది వీళ్ళే" అని పళ్ళు కొరికింది. గనిలో పై అధికారిని కెప్టెన్ అనేవారు. వాళ్ళ మీద ఆమె కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదని ఆ చీకట్లో నాకు తెలిసింది.

ఇంటర్వెల్ ముందు ఒక చోట హీరో నిద్రపోతుంటాడు. హీరోయిన్ తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉంటుంది. సంగీతం లేదు, మాట లేదు. అత్త నా చెవిలో అనుకుని గట్టిగానే అంది. "చూడు, ఇప్పుడు పోయి ముక్కు దగ్గర వేలు పెడతాది."

హీరోయిన్ మెల్లగా నడిచి వచ్చి, వంగి, అతని ముక్కు దగ్గర వేలు పెట్టింది.

ముందు వరస నవ్వు ఆగిపోయింది. "నీకెట్ల తెలిసిందత్తా?" అన్నాను. "పగులు పడుకునే మొగుడుండే ఆడది ఎవురైనా చేస్తాదమ్మా. అంత కదలకుండా పడుకుంటారు కదా" అంది. ఆ పని నేను కూడా చేస్తానని, వారానికొక్కసారైనా చేస్తానని ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. సముద్రాల అవతల ఎవరో తీసిన సినిమాలోకి ఆమె తన ఇంట్లోకి నడిచినంత సులువుగా నడిచిపోయింది. నేను నాలుగు భాగాలు చూసి కూడా గడప దగ్గరే నిలబడి ఉన్నాను. ఇంటర్వెల్ తర్వాత ముందు వరస పిల్లలే వెనక్కి తిరిగి, "అవ్వా, ఇప్పుడేమవుతుంది?" అని అడగడం మొదలుపెట్టారు.

ఆఖర్న కెప్టెన్లు, అంటే ఆ ముసలి పిశాచులు, అమ్మాయికి ఒకటే దారి చూపించారు. ఆమె కూడా రాత్రి ప్రాణి అయిపోతే ఇద్దరూ ఎప్పటికీ కలిసి ఉండొచ్చు. లేదా అతన్ని మరిచిపోయి ఎండలో మామూలు మనిషిగా బతకొచ్చు. అమ్మాయి వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడి చూస్తుండగా ఎండలోంచి ఒక్కో మెట్టూ దిగి చీకట్లోకి పోయింది. తలుపు మూసుకుంది. అంతే, అయిపోయింది.

బయట టీ కొట్టు దగ్గర పంచాయతీ పెట్టినట్టు గుంపు చేరింది. కందకు లేని దురద కత్తిపీటకన్నట్టు, ఆ పిశాచుల సంసారం గురించి మా ఊరివాళ్ళు కొట్టుకున్నంత పని చేశారు. ముందు వరస పిల్లల్లో ఒకతె కళ్ళు తుడుచుకుంటూ అదే నిజమైన ప్రేమ అంది. ఆమె స్నేహితురాలు భగ్గుమంది. ఎప్పుడూ ఆడపిల్లే ఎందుకు మారాలి, ఐదు భాగాల్లో వాడు ఒక్క తూరైనా ఆమె కోసం మారాడా అని. ఒకాయన క్లైమాక్స్‌లో ఫైటే లేదని, డబ్బులు దండగని కసురుకున్నాడు. చంటిదాన్ని ఎత్తుకున్న ఒకమ్మ మాత్రం, "కన్న నాయన గుమ్మంలో నిలబడి చూస్తా ఉండాడే, వాని గతేమి?" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. టికెట్లు చింపే అతను బయటకు వచ్చి, తలుపు మూశారంటే ఆరో భాగం తీస్తారనే అర్థమని అందరికీ ధైర్యం చెప్పాడు.

నేను భగ్గుమన్న పిల్ల పక్షం. అవసరానికి మించి గొంతు పెంచి, ఆ హీరోయిన్‌కు బుద్ధి లేదని, నేనైతే ఎండలో ఉండిపోయేదాన్నని, వాడి దారి వాడిదని అన్నాను. అత్త నా ముఖంలోకి చూసి టీ గ్లాసు కింద పెట్టింది.

"అవ్వా, నువ్వు చెప్పు. ఆ పిల్ల చేసింది సరేనా?" అని అడిగారు పిల్లలు.

"ఆ సినిమాలో సాయంకాలమే లేదు కదమ్మా" అంది అత్త.

ఎవరికీ అర్థం కాలేదు. అత్త కూడా గొప్ప మాట అన్నట్టు అనలేదు, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు అంది. "అయితే పగులు చూపిస్తాడు, లేదంటే రేయి. రోజూ నడమ ఒక పొద్దు మునగతాదే, అది యాడికి పోయింది? నేను మా ఆయప్పతో గని షాఫ్టు గేటు దాకా నడిచి పొయ్యేదాన్ని, రోజూ. లైన్లో ఆడోళ్ళంతా నవ్వేవాళ్ళు, మొగున్ని స్కూలుకు తోలుకొని పోతా ఉండాది చూడమని. నవ్వితే నవ్వినారు. ఇరవై రెండేండ్లు పోయినాను."

"ఏం మాట్లాడుకునేవాళ్ళు అవ్వా?"

"ఏముండాది, ఏమీ లేదు. చింతపండు బాగలేదు, ఎవురింట్లోనో బిడ్డ పుట్టింది, అదే. ఇంగ గేటు దగ్గర నిలబడి మొగం ఒక తూరి చూసుకొనేది. లోపలికి పొయ్యేవాడి మొగం చూసుకుంటే, మళ్ళా పైకి వచ్చేదాకా అది చాలును."

ఫైటు కావాలన్నాయన తల వంచుకుని గ్లాసులోకి చూశాడు. ఎనిమిదేళ్ళుగా ఒకే గదిలో ఈమె పక్కన పడుకుంటున్నాను. మందుల చీటీ తప్ప ఈమె గురించి నాకేం తెలుసు అనిపించింది. ఇరవై రెండేళ్ళ కాపురాన్ని గేటు దాకా నడిచే దారిలో చేసిన మనిషి నా పక్కన నిలబడి, టీలో చక్కెర ఎక్కువైందని కొట్టువాడితో తగువు పెట్టుకుంటోంది. నాకు ఆమె కాళ్ళకు మొక్కాలనిపించింది, సిగ్గేసి మొక్కలేదు.

ఆటోలో కూర్చున్నాక మాత్రం గొణిగాను. "మాకు సాయంకాలం యాడిదత్తా? నేను కొట్టు వదిలేలోపల బస్సు పోతాది."

"ఆ బస్సు మీ బజారు సర్కిల్లో నిలవదా?"

"నిలుస్తాది. మనుషులు ఎక్కేదానికి ఐదు నిమిషాలు."

"మీ కొట్టుకు ఎంత దూరం?"

నూరడుగులు ఉండదు. ఏడాదిన్నరగా ఆ బస్సు రోజూ అక్కడ ఆగుతోంది. అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను, చీర మడతపెడుతూ. మెట్లు దిగి పోవచ్చని ఒక్కనాడూ తోచలేదు. అత్త ఆటోవాడితో ఇంటికి కాదు, మా పేటలో ఆయన బస్సు ఎక్కే స్టాపుకు పొమ్మంది.

ఆయన ఆరు గంటలకు వచ్చాడు, టిఫిన్ సంచితో, తడి తలతో. మమ్మల్ని చూసి పరుగెత్తినట్టు వచ్చాడు. "ఏమైంది? అమ్మకేమన్నా అయిందా?"

"నాకేమైతాది? సినిమాకు పోయినాము" అని అత్త శెనక్కాయల బండి వైపు పోయింది. కొనడానికి కాదు, మాకు చోటు ఇవ్వడానికి.

పొద్దు వాలుతోంది. ఆ వెలుగులో ఆయన ముఖం చూశాను. చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఎప్పుడు తెల్లబడ్డాయో నాకు తెలియదు. ఏం మాట్లాడాలో తోచక ఆస్పత్రికి చూడవచ్చిన చుట్టంలా అడిగాను. "నిద్ర బాగా పడతా ఉండాదా?"

ఆయన చెప్పుల వైపు చూసుకున్నాడు. "లేదు. ఎండాకాలం నుంచీ పడేదే లేదు. వచ్చినాక ఒక గంట, అంతే. ఇంగ మెలకువే."

"మరి రోజంతా కండ్లు మూసుకొని..."

"మీరిద్దరూ అంత చప్పుడు కాకుండా తిరగతా ఉంటే, మేలుకొని ఉండానని ఎట్ల చెప్పేది? చెప్పేదానికి నోరు రాలేదు."

వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుని దగ్గు ఆపుకోవడం ఈయన వింటూ పడుకున్నాడు. మేము ఆయన కోసం ఇల్లు మూగది చేసుకుంటే, ఆయన మా కోసం కళ్ళు మూసుకుని ఉండిపోయాడు. ఎన్ని నెలలు!

"పొద్దున మీ అన్నతో మాట్లాడింది కూడా విన్నాను" అన్నాడు.

"మరి ఏమీ అనలేదే?"

"నిద్రపోతా ఉండే మనిషి ఏమంటాడు?"

బస్సు వచ్చింది. ఆయన ఎక్కుతూ రెండుసార్లు వెనక్కి చూశాడు. నేను కదలకుండా ఆ ముఖాన్నే చూస్తూ నిలబడ్డాను. బస్సు మలుపు తిరిగాక అన్నకు ఫోన్ చేసి, బుధవారం రావద్దన్నాను.

"ఏం, ఏమైంది?" అన్నాడు.

"ఆయన మేలుకొనే ఉండాడన్నా" అన్నాను.

అన్నకు ఏమీ అర్థం కాలేదు. సరే, బువ్వ తినండి అని పెట్టేశాడు.